నడిమి ముక్క

మా ఆయనకు షుగరు లేదు, బీపీ లేదు. ఉన్న రోగమల్లా ఒక్కటే, జాఫర్ మాస్టర్.

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో మా దుకాణం ఒకటి, గోడ అవతల జాఫర్ దుకాణం ఒకటి. ఇద్దరూ ప్యాంట్లు, అంగీలు కుట్టేవాళ్ళే. నేను మా దుకాణంలోనే ఒక పక్కన మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. పొద్దున షట్టరు లేపగానే మా ఆయన చేసే మొదటి పని దేవుడి పటానికి దండం పెట్టడం కాదు, తల బయటికి చాచి జాఫర్ గడప ముందు చెప్పులున్నాయేమో చూడటం. చెప్పులు కనబడితే ఆ పూట టీ చేదు. కనబడకపోతే అదే టీ అమృతం. టీ మాత్రం రోజూ ఒకటే, పెట్టేదాన్ని నేనే.

ఈ రోగానికి మూలం ఒక కత్తెర. మా ఆయన మేనమామ భూమయ్య ఈ ఊళ్ళో పెద్ద దర్జీ, అందరికీ ఉస్తాద్. మా ఆయన, జాఫర్ ఇద్దరూ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టినవాళ్ళే. మా మేరోళ్ళలో, అంటే దర్జీ కులంలో, ఉస్తాద్ కత్తెర ఎవరికి పోతే వాళ్ళే ఆయన తర్వాత మాస్టర్ అని లెక్క. పోయే ముందు భూమయ్య మామ ఆ కత్తెరను సొంత మేనల్లుడికి ఇవ్వలేదు, జాఫర్ చేతిలో పెట్టాడు. ఎందుకో మాకెవరికీ చెప్పలేదు. అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అందరూ శవం చుట్టూ ఏడుస్తుంటే మా ఆయన కత్తెర కోసం ఏడ్చాడు.

దసరా నాడు మేము మిషన్లకు, కత్తెరలకు పసుపు కుంకుమ పెడతాం. జాఫర్ ప్రతి ఏడూ ఆ కత్తెరను గుడ్డలో చుట్టి తెచ్చి, మా ఇంట్లో ఉన్న మామ ఫోటో ముందు పెట్టి, పూజయ్యాక తీసుకుపోతాడు. మంచి మనిషి, మర్యాద తెలిసినవాడు. మా ఆయనకు మాత్రం అది మర్యాదలా కనబడదు. తెచ్చి చూపించి పోతున్నాడంటాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం తినని మనిషి ఆయనొక్కడే.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. మెయిన్ రోడ్డు మీద టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు పెట్టారు. రోజుకో వృత్తివాళ్ళు వచ్చి దండలు వేసుకుని కూర్చునేవారు, వాళ్ళ పనిముట్లు తెచ్చి ఆ పనేదో రోడ్డు మీదే చేసేవారు. కుమ్మరులు నడిరోడ్డు మీద సారె తిప్పారు. రజకులు ఇస్త్రీ చేశారు. ఒక పూట మా వాడకట్టు ఆడవాళ్ళమంతా రోడ్డు మీదే వంట చేసి వడ్డించాం. మాకందరికీ తెలంగాణ కావాలి. మా ఆయనకు తెలంగాణ కావాలి, దాంతోపాటు జాఫర్ కంటే ఒక మెట్టు పైన నిలబడాలి.

సమ్మె మొదలైన కొత్తలోనే జాఫర్ శిబిరానికి ఒక జెండా కుట్టి ఇచ్చాడు. పసుపు రంగు బట్ట, మూడు పక్కలూ సమానంగా ఉన్న త్రికోణం, చుట్టూ బంగారు జరీ లేసు. దాన్ని టెంటు ముందు గుంజకు కట్టారు. ఎవరో ఫోటో తీస్తే పేపర్లో పడింది, కింద జాఫర్ పేరు కూడా వేశారు. మా ఆయన ఆ పేపరు కొని తెచ్చాడు. చదివి, మడత పెట్టకుండా, ఫోటో పైకి వచ్చేటట్టు మిషన్ కింద నూనె కారే చోట పరిచాడు. సాయంత్రానికి జాఫర్ ముఖం మీద నూనె మరక పడింది. ఆ రాత్రి మా ఆయన నిమ్మళంగా నిద్రపోయాడు.

తర్వాత దర్జీల వంతు వచ్చింది. ముందు రోజు శిబిరంలో అందరూ కూర్చుని ఏం చేద్దామా అని మాట్లాడుకుంటుంటే మా ఆయన లేచి నిలబడ్డాడట. జాఫర్ జెండాకు రెట్టింపు జెండాను నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా కుట్టి, పొద్దు గూకే లోపల ఎగరేస్తానన్నాడట. అక్కడితో ఆగితే బాగుండేది. "జెండా లేవకుంటే రేపటిసంది నేను మిషన్ తొక్క" అని కూడా అనేశాడు. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందంటారే, అట్లా ఉంది ఈయన సంగతి. కానీ ఊరు వింది. మా ఇల్లు గడిచేది ఆ మిషన్ మీద. ఆయనది మొండి మాట, అన్నాడంటే చేస్తాడని నాకు తెలుసు. 

జాఫర్ జెండా కొలతలు తెచ్చే పని నా మెడకు చుట్టాడు. టేపును కొంగు చాటున పెట్టుకుని దొంగలా పోయి, గుంజకు దండ వేస్తున్నట్టు నటిస్తూ కొలిచాను. ఏ పక్క చూసినా యాభై ఇంచులు. నలభై నాలుగు ఇంచుల వెడల్పు పన్నా బట్టలో మూడు భుజాలూ సమానంగా తీయాలంటే అంతకంటే పెద్దది రాదు, నిలువుకే పన్నా అంతా పోతుంది. మా ఆయన విని తల ఊపాడు. అయితే మనది నూరు ఇంచులన్నాడు. జాఫర్‌కు లేసు నూటయాభై ఇంచులు పట్టింది కాబట్టి మనకు మూడు వందలు. వాడు గజంన్నర బట్ట కొన్నాడు కాబట్టి మనకు మూడు గజాలు. అన్నీ రెట్టింపే.

మర్నాడు బంద్ కాబట్టి ఆ సాయంత్రమే జాఫర్ కొన్న దుకాణంలోనే అదే పసుపు బట్ట, అదే జరీ లేసు తెచ్చాడు. ఇంట్లో నేల మీద మూడు మేకులు నూరేసి ఇంచుల దూరంలో పెట్టి, లేసును చుట్టూ తిప్పి చూశాడు. మొదలూ చివరా వచ్చి ముద్దు పెట్టుకున్నట్టు కలిశాయి. ఇంకేం, లెక్క కుదిరిందన్నాడు. లేసు కుదిరిందంటే బట్ట కూడా కుదిరినట్టేనని నేనూ అనుకున్నాను. మా దర్జీలకు బట్టంటే పొడవే. వెడల్పు పన్నా చూసుకుంటుందిలే అని ఒక ధీమా.

పొద్దున్నే మూడు మిషన్లు రోడ్డు మీదికి తెచ్చాం. మూడు మూలల జెండాకు మూడు ముక్కలు, మూడు ముక్కలకు ముగ్గురం, ఇదీ ఆయన పథకం. ఆయన, నేను, మా సందులోనే కుట్టే నర్సింహ తలా ఒక మూల కుట్టి తెచ్చి కలపాలి. జాఫర్ కూడా మిషన్ తెస్తానన్నాడు. మా ఆయన తేనెలో ముంచిన గొంతుతో, "నువ్వు పెద్ద మాస్టర్‌వి భాయ్. దండేసుకొని దీక్షల కూసో. కష్టం మేం పడుతం" అన్నాడు. జాఫర్ పోయి టెంటులో కూర్చున్నాడు.

మా ఆయన బట్ట పరిచి సుద్దతో గీతలు గీశాడు. ఒక త్రికోణం తల పైకి, పక్కది తల కిందికి, మళ్ళీ ఒకటి పైకి. అట్లా పక్కపక్కన పెడితే బట్ట దండగ కాదు. మూడు గజాల్లో మూడు ముక్కలు తీసి, రెండు కొసల్లోనూ రెండు సగం ముక్కలు మిగిల్చాడు. జాఫర్ గజంన్నరలో ఒక్కటే తీశాడని అందరికీ వినబడేటట్టు అన్నాడు. అప్పుడే జాఫర్ మెడలో దండతోనే లేచి వచ్చాడు. కోసిన ముక్కల వైపు చాలాసేపు చూశాడు. పెదాలు కదిలాయి. ఏదో అనబోయి, మా ఆయన ముఖం చూసి, వెనక్కి పోయి కూర్చున్నాడు. ఓర్వలేక చూసి పోయాడని మా ఆయన నా చెవిలో అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది.

ఆ సంబరంలో మిగిలిన రెండు ముక్కలనూ చిన్న చిన్న రిబ్బన్లుగా కత్తిరించి, వచ్చినవాళ్ళందరి రొమ్ము మీదా పిన్నులతో గుచ్చాడు. టీ బండి ఆయనకు, పూలమ్మే బుచ్చవ్వకు, ఆగిన ఆటోవాళ్ళకు, ఎవరినీ విడిచిపెట్టలేదు. ఇంత పెద్ద చేయి ఈయనకు ఎప్పుడు వచ్చిందా అని నేను ఆశ్చర్యపోయాను. మా పెళ్ళిలో తాంబూలాలు కూడా ఇంత ధారాళంగా పంచలేదు.

మధ్యాహ్నం దాకా కుట్టాం. ఒక్కో మూలకు రెండు పక్కల లేసు, మూడో పక్క ఉత్తది. లేసు ఒక్క ఇంచు మిగల్లేదు, ఒక్క ఇంచు తగ్గలేదు. మా ఆయన ఎండలో మెరిసిపోతున్నాడు. జనం చుట్టూ మూగారు. మూడు మూలలూ తెచ్చి తారు రోడ్డు మీద పరిచాం. పైన ఒకటి, కింద రెండు. కొసలు కొసలు కలిశాయి. చుట్టూ బంగారు లేసుతో పెద్ద త్రికోణం వచ్చింది, నూరు ఇంచుల భుజం, కొలిచి చూడక్కర్లేదు.

నడుమ మాత్రం ఏమీ లేదు. రోడ్డు కనబడుతోంది. అచ్చం జాఫర్ జెండా అంత, తలకిందులుగా.

మా ఆయన ముక్కలను దగ్గరికి జరిపాడు. జరిపితే త్రికోణం పోయింది. దూరం జరిపాడు. బొంద పెద్దదైంది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో, లింగమూర్తి జెండా కుట్టమంటే కిటికీ కుట్టాడన్నారు. నవ్వు మొదలైంది. బుచ్చవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, రొమ్ము మీద మా రిబ్బన్ ఊగుతూ ఉంది.

లెక్కల సారు దత్తాత్రి గారు శిబిరంలోనే ఉన్నారు. బడి మూతపడినప్పటి నుంచి పాఠం చెప్పే అవకాశం లేక ఆయన నోరు ఎండిపోయి ఉంది. మా సుద్ద ముక్క తీసుకుని రోడ్డు మీద కూర్చుండిపోయారు.

"భుజాన్ని రెట్టింపు జేస్తే చుట్టుకొలత రెట్టింపే అయితది, అందుకే నీ లేసు సరిపోయింది. వైశాల్యం గట్ల గాదు లింగమూర్తీ. గది నాలుగింతలైతది. నీకు నాలుగు ముక్కలు గావాలె, మూడే కోసినవ్."

అక్కడితో వదల్లేదు. భుజాన్ని భుజంతో గుణించి, మూడు వర్గమూలంతో గుణించి, నాలుగుతో భాగించాలన్నారు. రోడ్డు మీద రాసి చూపించారు. యాభై ఇంచుల భుజానికి లోపలి బట్ట సుమారు వెయ్యీ ఎనభై రెండున్నర చదరపు ఇంచులు, నూరు ఇంచుల భుజానికి నాలుగు వేల మూడు వందల ముప్ఫై. ఒకసారి పొడవు పెరిగింది, ఒకసారి ఎత్తు పెరిగింది, రెండు రెళ్ళు నాలుగు అన్నారు. జనం పరీక్ష ఉన్నట్టు శ్రద్ధగా విన్నారు. మా ఆయన వినలేదు. ఆయన బొంద వైపే చూస్తున్నాడు.

బట్ట ఎక్కడిది? బంద్. ఒక్క షట్టరు లేవదు. ఆ బట్టల దుకాణం ఆయన తాళం వేసుకుని చిన్నకోడూరులో అత్తగారింటికి పోయాడట. ఆ నాలుగో ముక్కకు సరిపడే బట్ట పొద్దున మా దగ్గరే ఉండింది. రెండు సగాలు కలిపి నడుమ ఒక కుట్టు వేస్తే అయిపోయేది. ఇప్పుడది ఊరి రొమ్ముల మీద రిబ్బన్లై ఉంది. మా ఆయన బుచ్చవ్వ రొమ్ము మీద రిబ్బన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. పొద్దు వాలుతోంది. మిషన్ తొక్కనన్న మాట ఆయన ముఖంలో నాకు స్పష్టంగా కనబడింది. మిషన్ కవరు తీసుకుని కప్పబోయాడు కూడా.

జాఫర్ లేచాడు. దండ తీసి కుర్చీకి తగిలించి, గుంజ దగ్గరికి పోయి తన జెండాను విప్పాడు. తెచ్చి, తలకిందులు చేసి, ఆ నడుమ పరిచాడు. అతికినట్టు సరిపోయింది. ఎండకు కాస్త వెలిసి మిగతా మూడింటి కంటే లేతగా ఉంది, అంతే తేడా. జనంలో ఒక్క నవ్వు కూడా లేదు.

మా ఆయన మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా జెండల నీ ముక్క ఎందుకుంటది? తీస్కపో. నేను మిషనే బంద్ జేస్త" అన్నాడు. ఇల్లు మునిగినా సరే గాని జాఫర్ పడవ ఎక్కనంటాడు ఈయన. నాకు ఒళ్ళు మండింది, నోటిదాకా వచ్చిన తిట్టును నలుగురి ముందు మింగాను.

జాఫర్ రోడ్డు మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, చేతి సంచిలోంచి ఉస్తాద్ కత్తెర తీశాడు. దాని కొసతో తన జెండా చుట్టూ ఉన్న జరీ లేసును విప్పడం మొదలుపెట్టాడు. పేపర్లో పడిన లేసు అది. ఒక్కో కుట్టూ తెగుతుంటే నాకే ప్రాణం ఉసూరుమంది. ఎందుకు విప్పుతున్నావన్నా అని అడిగాను. ఆయన తల ఎత్తకుండా మా ఆయనతోనే మాట్లాడాడు.

"పొద్దుగాలనే చూసిన లింగం. నాలుగు గావాలె, నువ్వు మూడే కోసినవని నాకు అప్పుడే ఎరుకైంది. చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు పడాలెనని."

 జాఫర్ మరో పక్క లేసు విప్పుతూ చెప్పాడు.

"నువ్వు గీ కత్తెర కోసం ఏడుస్తవ్. ఎందుకిచ్చిండో తెలుసా? నీకు కోసుడొచ్చింది గని కుట్టుడు రాలే జాఫర్, లింగానికి కుట్టుడొచ్చింది, వానికి కత్తెరతోని ఏం పని అన్నడు ఉస్తాద్. నేను కుట్టిన అంగీ ఒక్కనాడు తొడుగలేదు. మెడకాడ గుచ్చుతదనేటోడు. ఆఖరికి దవాఖానకు పోయేటప్పుడు గూడ లింగం కుట్టిందే తెమ్మన్నడు. నేనే మీ ఇంటికొచ్చి తీస్కపోయిన. యాదికుందా? గీ కత్తెర పట్టుకున్నప్పుడల్ల నాకు గా అంగీనే యాదికొస్తది."

నాకు గుర్తుంది. నీలి గీతల అంగీ. మేనల్లుడు ఊరికే కుట్టి పెడతాడు కాబట్టి మామ వేసుకుంటున్నాడని మా ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

మా ఆయన ముఖం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. పొద్దున్నే నోరు విప్పి ఉంటే ఊరి ముందు ఈ నవ్వులాట ఉండేది కాదు కదా. కోపం లేదు. ఏడాది పొడుగూ ఎండిన చెరువులోకి నీళ్ళు వచ్చినట్టు ఆయన ముఖంలోకి ఏదో వచ్చి చేరుతోంది. తనను చూసి కూడా ఒకడు ఏడ్చాడు. అది కూడా గోడ అవతలే కూర్చుని, ఇరవై ఏళ్ళకు పైగా, కత్తెర చేతిలో పెట్టుకుని మరీ ఏడ్చాడు. కత్తెర దొరికినా మా ఆయనకు అంత సంతోషం వచ్చేది కాదు.

మిషన్ కవరు నా మీదికి విసిరి పీట లాక్కుని కూర్చున్నాడు. జాఫర్ ఒక పక్క, నేను ఒక పక్క బట్ట ఎత్తి పట్టుకున్నాం. నడిమి ముక్క మూడు పక్కలనూ ఆయనే కుట్టాడు, నన్ను గాని నర్సింహను గాని ముట్టనివ్వలేదు. అంత నున్నగా ఆయన కుట్టడం నేను ఎన్నడూ చూడలేదు. వేలితో తడిమితే తప్ప కుట్టు తెలియదు. మూడో పక్క కుడుతూ, జాఫర్ వైపు చూడకుండానే, ఏ రంగు అంగీ అని అడిగాడు. తెలియక కాదు.

పొద్దు గూకే ముందు జెండాను లేపారు. జై తెలంగాణ అని రోడ్డంతా దద్దరిల్లింది. అందరి తలలూ పైకే ఉన్నాయి. చుట్టూ ముదురు పసుపు, నడుమ లేత పసుపు త్రికోణం. ఎండిపోయిన గొంతుతో దత్తాత్రి సారు ఎవరికో నాలుగింతలని ఇంకా చెబుతూనే ఉన్నారు.

మా ఆయన జెండా వైపు చూడటం లేదు. జాఫర్ దగ్గరికి జరిగి, అతని చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.

"గా అంగీ ముచ్చట ఇంకోపారి చెప్పు."

జాఫర్ చెప్పాడు. అరుపుల్లో వినబడలేదని మళ్ళీ చెప్పించుకున్నాడు. మెడ దగ్గర గుచ్చుతుందన్న మాట వచ్చినప్పుడు ఇద్దరూ నవ్వారు.

నేను విప్పిన జరీ లేసును చేతికి చుట్టుకుంటూ వాళ్ళనే చూస్తున్నాను. ఈయన కుట్టు లాంటి కుట్టు ఈ జిల్లాలో లేదని పెళ్ళయినప్పటి నుంచి నేను చెబుతూనే ఉన్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా, ఇంకోసారి చెప్పమని నన్ను అడగలేదు. ఆ జాఫర్‌ను చూస్తే నా కడుపు మండిపోయింది.